షోలవరం మలుపు

గవర్నర్‌పేట, విజయవాడ
12 జూన్ 1974

శౌరయ్యగారికి,

నేనెవరో మీకు తెలియదు. నా పేరు శివపార్వతి. ఇక్కడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌ని. మొన్న బందరు నుంచి వస్తుంటే మా బస్సు టైరు పంచరై ఉయ్యూరులో ఆగిపోయింది. ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో కూర్చున్నాను. గోడ మీద మీరు వేసిన బొమ్మ ఉంది. కాలవ, కాలవ అవతల నాట్లు వేసిన పొలం, ఆ పొలం చివర్నుంచి వస్తున్న వాన. వాన ఇంకా కాలవ దాటలేదు. ఇవతల గట్టు మీద ఒకామె ఆరేసిన చీరలు గబగబా తీసుకుంటోంది. నేను లేచి వెళ్ళి గోడ తడిగా ఉందేమోనని చెయ్యి పెట్టి చూశాను. హోటలాయన నవ్వి, "అందరూ అదే పని చేస్తారండీ. చూడండి, అక్కడ రంగు కూడా అరిగిపోయింది" అన్నారు. మీరు ఎవరి దగ్గరా నేర్చుకోలేదని కూడా ఆయనే చెప్పి మీ చిరునామా ఇచ్చారు.

నాకొక బొమ్మ కావాలి. మోటారు సైకిళ్ళ రేసు బొమ్మ.

మావారు వన్ టౌన్‌లో ఒక ఇనుప సామాన్ల కొట్లో లెక్కలు రాస్తారు. మా పెళ్ళికి రెండేళ్ళ ముందు మద్రాసు దగ్గర షోలవరంలో రేసుల్లో బండి నడిపేవారట. అక్కడే పడ్డారు. అప్పటినుంచి కుడి మోకాలు వంగదు. నాకు తెలిసిన మనిషి మెల్లగా కాలు ఈడుస్తూ కొట్టుకెళ్ళి వచ్చే మనిషి. బండి మీద ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఒక్క ఫోటో కూడా లేదు. అడిగితే "అదంతా అయిపోయిందిలే" అంటారు. ఈమధ్య అటక దులుపుతుంటే ఆయన తోలు చేతి తొడుగులు దొరికాయి. ఇన్నాళ్ళయినా వేళ్ళ దగ్గర తోలు దేన్నో పట్టుకున్నట్టే వంగి ఉంది. అప్పట్నుంచీ నాకు ఆ మనిషిని చూడాలని పట్టుకుంది.

మీరు వేయగలరా? ఆయనకి ఇంకా చెప్పలేదు. జవాబు ఎక్స్ఛేంజి చిరునామాకే రాయండి.

ఇట్లు,
శివపార్వతి

*

ఉయ్యూరు
20 జూన్ 1974

శివపార్వతమ్మగారికి శౌరయ్య నమస్కారములు.

మీ ఉత్తరం మా ఇంటావిడ దానమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. గోడ తడి సంగతి విని ఆమె చాలా సంతోషించింది. ఆ చీరలు తీసేది తనే.

అమ్మా, నేను కొట్లకి బోర్డులు రాస్తాను. లారీల వెనక నెమళ్ళూ, చర్చిలో మరియమ్మ తల్లి స్వరూపం వెనక ఆకాశమూ వేస్తాను. క్రిస్మసుకి పశువులపాక తెర నాదే. ఇవన్నీ నేను చూసినవి. ఆకాశం చూశాను, పశువులపాక చూశాను. మోటారు సైకిళ్ళ రేసు చూడలేదు. నాకు తెలిసిన బండి మా ఫాదర్ మరియదాసుగారి జావా ఒక్కటే. దాని మీద ఆయన పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టు నిటారుగా కూర్చుని, మనిషి నడిచినంత మెల్లగా వెళతారు.

క్యాలెండరు చూసి దించమంటే దించుతాను. కాని అందులో మీవారు ఉండరు. అందుచేత మీరు నాకు కొన్ని సంగతులు కనుక్కుని రాయాలి.

బండి మలుపు తిరిగేటప్పుడు మనిషి బండితోపాటు వంగుతాడా, బండికి ఎదురు వంగుతాడా? మోకాళ్ళు ఎక్కడుంటాయి? చూపు ఎక్కడుంటుంది? చక్రం పుల్లలు కనిపిస్తాయా, కలిసిపోతాయా? అక్కడ నేల ఏ రంగు? చుట్టూ చెట్లా, ఇళ్ళా, నీళ్ళా? జనం ఎక్కడ నిలబడతారు?

ఇవి తెలిసేదాకా చెక్క మీద గీత పెట్టలేను. మీరు ఏమీ అనుకోవద్దు.

శౌరయ్య

*

గవర్నర్‌పేట
3 జులై 1974

శౌరయ్యగారికి,

మీ ప్రశ్నలు చదివి ముందు నాకు కోపం వచ్చింది. ఇవన్నీ తెలిస్తే నేను మిమ్మల్ని అడగడం ఎందుకు? తర్వాత అనిపించింది, మూడేళ్ళ కాపురంలో ఇందులో ఒక్కటి కూడా నేను ఆయన్ని అడగలేదు. "ఎలా పడ్డారు, ఎంత నొప్పి పుట్టింది" అనే అడిగాను. ఎలా నడిపేవారో ఎప్పుడూ అడగలేదు.

మొన్న అన్నం తింటుండగా, "బండి మలుపు తిరిగేటప్పుడు మనిషి ఎటు వంగుతాడండీ?" అన్నాను.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఎందుకు?"

"ఆఫీసులో పందెం వేసుకున్నాం."

"ఎవరితో?"

"రామతులసితో." పాపం, రామతులసికి సైకిలు కూడా తొక్కడం రాదు.

ఆయన భోజనం ముగించారు. చెయ్యి కడుక్కుని వచ్చి, అన్నం గిన్నె మూత తీసుకుని నేల మీద దొర్లించారు. అది కాసేపు తిన్నగా పోయి, పక్కకి ఒరిగి, ఒరిగిన వైపే చుట్టు తిరిగింది. "చూశావా? ఎటు ఒరిగితే అటే తిరుగుతుంది. మనిషీ అంతే, బండితో పాటే వంగాలి. భయపడి ఎదురు వంగినవాడు బయటికి పోతాడు" అన్నారు. చూపు చక్రం ముందు కాదట, మలుపు అయిపోయే చోట ఉండాలట. లోపలి వైపు మోకాలు కాస్త విచ్చుకుని ఉంటుందట. అది చూపించడానికి బెంచీ మీద రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చుని, ముందుకి వాలారు. కుడికాలు వంగక గోడకి తగిలింది. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, లేచిపోయారు.

అయినా పడుకోబోయే ముందు తనంతట తానే చెప్పారు. చక్రం పుల్లలు కలిసిపోయి బూడిద రంగు పళ్ళెంలా కనిపిస్తాయట. షోలవరంలో నేల సిమెంటు. యుద్ధం రోజుల్లో విమానాలు దిగడానికి వేసిందట, పగుళ్ళలో గడ్డి మొలిచి ఉంటుంది. మలుపుల్లో గడ్డిమోపులు పేరుస్తారు. జనం గొడుగులేసుకుని కూర్చుంటారు. తాడిచెట్లు, వాటి వెనక దూరంగా చెరువు.

ఇన్ని మాటలు ఒక్క పూటలో ఆయన దగ్గర నేను ఎప్పుడూ వినలేదు. ఇంకేమైనా అడగాలా?

శివపార్వతి

*

ఉయ్యూరు
14 జులై 1974

శివపార్వతమ్మగారికి,

మేమూ మూత దొర్లించాము. దానమ్మ కూర మూత తీసుకుపోయి వాకిట్లో దొర్లిస్తే కాలవ దాకా పోయింది. దిగి తెచ్చాను. ఆమె తిట్టిన తిట్లు ఉత్తరంలో రాసేవి కావు. కాని ఒరగడం అర్థమైంది. గోడ మీద బొగ్గుతో పదిరకాలుగా వేసి చూశాను. బండి బాగానే కుదురుతోంది. మనిషే కుదరడం లేదు.

ఎందుకో చెబుతాను. మీరు వేయమన్నది పడకముందటి మనిషిని. మీ ఉత్తరంలో నాకు కనిపించేది బెంచీ మీద కూర్చుని కాలు గోడకి తగిలించుకున్న ఆయన. వేయబోతే ఆయనే వస్తున్నారు. ఇద్దరిలో ఎవరిని వేయను? ఇప్పటి మనిషినే బండి మీద కూర్చోబెడితే ఆ కాలు ఎక్కడుంటుంది? ముందుకి చాపి ఉంటుందా, పక్కకా?

ఇంకొకటి. అంత వేగంలో పోయేవాడికి చుట్టూ ఏం కనిపిస్తుంది? తాడిచెట్లూ చెరువూ మనం కూర్చుని చూసేవి. ఆయనకి కనిపించేది వేరుగా ఉంటుందని నా అనుమానం. రైల్లోంచి చూస్తే తీగ స్తంభాలు పారిపోతాయి కదా, అలాంటిదా? తప్పక అడగండి. నాకు నిద్ర పట్టడం లేదు.

శౌరయ్య

*

గవర్నర్‌పేట
29 జులై 1974

శౌరయ్యగారికి,

మీ రెండో ప్రశ్న ముందడిగాను.

"పక్కన ఉన్నవన్నీ సాగిపోతాయి. చెట్టు చెట్టులా ఉండదు, ఆకుపచ్చ గీత అవుతుంది. జనం రంగురంగుల గీత. నడిమధ్య మాత్రం కొంచెం చోటు, రూపాయి బిళ్ళంత, కదలకుండా ఉంటుంది. ఎంత వేగం పెంచితే అది అంత చిన్నదవుతుంది, అంత స్పష్టంగా ఉంటుంది. అందులో దూరంగా ఉన్న గడ్డిపోచ కూడా కనిపిస్తుంది" అన్నారు. అని నా మొహం చూసి, "ఇవి రామతులసి అడిగే ప్రశ్నలు కావు. ఎవరడుగుతున్నారు?" అన్నారు.

అబద్ధం చెప్పలేకపోయాను. మీ ఉత్తరాలు రెండూ తెచ్చి చేతికిచ్చాను. చదివారు. రెండోదాన్ని మళ్ళీ చదివారు. మడిచి నాకిచ్చేశారు.

"నేను పడ్డది గోడకి తగిలించుకుని రోజూ చూస్తావా?"

"పడ్డది కాదు. వెళ్ళింది చూడాలని."

"వెళ్ళినవాడు లేడు కదా. ఉన్నవాడితో సరిపెట్టుకోలేవా?"

నేను అలా అనుకోలేదని ఎంత చెప్పినా ఆయన మొహం మారలేదు. "వద్దని రాసెయ్యి" అన్నారు.

అందుకే రాస్తున్నాను. బొమ్మ ఆపెయ్యండి. మిమ్మల్ని ఇంత శ్రమ పెట్టినందుకు నాకు బాధగా ఉంది. కాలి సంగతి నేను అడగలేదు. ఇక అడగను కూడా.

శివపార్వతి

*

ఉయ్యూరు
13 ఆగస్టు 1974

శివపార్వతమ్మగారికి,

మీ ఉత్తరం అందింది. మీ మాట ప్రకారమే కానివ్వండి. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. దానమ్మ మిమ్మల్ని అడిగినట్టు రాయమంది.

శౌరయ్య

*

గవర్నర్‌పేట
9 సెప్టెంబరు 1974

శౌరయ్యగారికి,

మీ ఉత్తరం వచ్చి ఇన్నాళ్ళయినా నాకు మనసులోంచి పోవడం లేదు. అందులో ఒక్క ప్రశ్న కూడా లేదు. కాలు ఎక్కడుంటుందో తెలియక నిద్రపోని మనిషి, ఆ సంగతి అడగొద్దంటే "వానలు బాగా పడుతున్నాయి" అని ఊరుకుంటాడా? మీకు కోపం వచ్చి ఉంటే తిట్టండి. కాని మీరు కోపంతో రాసినట్టు కూడా లేదు.

ఇంకొకటి. మావారు ఈమధ్య ఆదివారాలు కొట్లో సరుకు లెక్క చూడాలని పొద్దున్నే వెళుతున్నారు. సాయంత్రం వచ్చేసరికి చెప్పులకి నల్లమట్టి. వన్ టౌన్ సందుల్లో నల్లమట్టి ఎక్కడిది? మొన్న ఆదివారం ప్యాంటు ఉతుకుతుంటే ఎడమకాలి అంచు దగ్గర అరచేతి వెడల్పున కాలిన మచ్చ కనిపించింది. అడిగితే కొట్లో ఇనుము వెల్డింగు చేస్తుంటే రవ్వ పడిందన్నారు. రవ్వ పడితే చిల్లు పడుతుంది. ఇది పొడుగ్గా, ఇస్త్రీ పెట్టె ఆనించినట్టుంది.

మా ఎక్స్ఛేంజిలో లైను మీద ఎవరైనా గొంతు తగ్గిస్తే మాకు వెంటనే తెలిసిపోతుంది. మీరు గొంతు తగ్గించారు. ఏం జరిగిందో రాయండి.

శివపార్వతి

*

ఉయ్యూరు
16 సెప్టెంబరు 1974

శివపార్వతమ్మగారికి,

దానమ్మ మొదటినుంచీ చెప్పమనే పోరుతోంది. మీవారు కోటేశ్వరరావుగారు చెప్పొద్దన్నారు. ఇద్దరి మధ్యా నలిగాను. మీరే పట్టుకున్నారు కనుక చెప్పేస్తాను.

మీరు ఆపమని రాసిన ఉత్తరం వచ్చిన వారంలోనే ఒకాయన మా వాకిట్లోకి వచ్చారు. గొడుగు, చేతి సంచి. "కొట్టుకి బోర్డు రాయించాలి" అన్నారు. కాలు చూడగానే పోల్చుకున్నాను గాని పైకి అనలేదు. బోర్డు మీద ఏం రాయాలంటే ఆయనకి తోచలేదు. చూపు మాత్రం గోడ మీద నా బొగ్గు గీతల మీదే ఉంది. చివరికి, "ఆ మూడోవాడు పడిపోతాడు, బరువు వెనక్కి వేశావు" అన్నారు. "మరి ఎలా వెయ్యాలండీ?" అన్నాను. బొగ్గు తీసుకుని ఆయనే దిద్దారు. దానమ్మ మజ్జిగ తెచ్చింది.

అప్పుడు అడిగేశాను, అమ్మా. ఉండబట్టలేదు. "ఈ కాలు ఇప్పుడు బండి మీద ఎక్కడుంటుందండీ?" అని.

కొడతారేమో అనుకున్నాను. ఆయన కాసేపు తన కాలి వంక చూసుకుని, "నాకు తెలియదయ్యా. నేనూ చూడలేదు" అన్నారు.

చర్చి ఆవరణలో ఫాదర్‌గారి జావా ఉంది. ముగ్గురం వెళ్ళాం. ఫాదర్‌గారు స్టాండు వేసి పట్టుకున్నారు. మీవారు ఎక్కి కూర్చున్నారు. కుడికాలు ముందుకి చాచి ఉండిపోయింది, బ్రేకు దాటి జానెడు ముందుకి. గేర్లు ఎడమకాలికేనట, దానికి ఇబ్బంది లేదు. బ్రేకు కుడికాలిది. ఆయన చాపిన మడమ వైపు, బ్రేకు వైపు మార్చి మార్చి చూసి, "ఇది ఇక్కడిదాకా వస్తే..." అన్నారు. తర్వాతి ఆదివారం కొట్లోంచి ఇనుప బద్ద తెచ్చి, మా ఊరి వెల్డింగు షాపులో బ్రేకుకి అతికించి పొడుగు చేయించారు. మడమతో నొక్కితే పట్టింది. ఫాదర్‌గారు తనకి అది అడ్డం రాదనీ, ఇంకా మంచిదనీ అన్నారు. అది ఆయన మంచితనం, రోజూ పాదం తగులుతోంది.

మొదటి రోజు చర్చి చుట్టూ తిరిగారు. తర్వాత కాలవ గట్టు మీద. ఈమధ్య రోడ్డెక్కి కంకిపాడు దాకా పోయి వస్తున్నారు. మచ్చ సైలెన్సరుది, ఆపి దిగేటప్పుడు తగిలింది. ఒక్కసారి పడ్డారు కూడా. బురదలో మెత్తగానే పడ్డారు, దెబ్బ తగలలేదు. ఇది రాయకూడదనుకున్నాను, రాసేశాను.

బొమ్మ ఆపలేదు. మన్నించండి.

శౌరయ్య

*

గవర్నర్‌పేట
24 సెప్టెంబరు 1974

శౌరయ్యగారికి,

మీ ఉత్తరం చదివి నాకు చాలా కోపం వచ్చింది. ముక్కు మొహం తెలియని మీరు, నేను మొదలుపెట్టిన ముచ్చటని పట్టుకుని ఆయన్ని మళ్ళీ బండి ఎక్కించారు. ఈసారి రెండోకాలు పోతే నేనెవర్ని అడగాలి? మిమ్మల్నా, ఫాదర్‌గారినా, నన్నా? ఆ కోపంతోనే ఆదివారం ఆయన వెళ్ళిన గంటకి నేనూ బందరు బస్సెక్కాను. మీ ఇంటికొచ్చి అందరినీ నిలబెట్టి కడిగేద్దామనే.

కంకిపాడు దాటాక మా బస్సు వెనక హారను మోగింది. డ్రైవరు పక్కకి తీశాడు. నా కిటికీ పక్కనుంచి ఒక మోటారు సైకిలు వెళ్ళింది. ముందు కాలు కనిపించింది, తిన్నగా చాచి, పడవ ముందుకి పెట్టిన గెడలా. తర్వాత మనిషి. చొక్కా గాలికి ఉబ్బి ఉంది. రోడ్డు అక్కడ తిరుగుతుంది కదా, ఆయన ఒరిగారు. మా బస్సంతా కుదుపుతూ తిరిగిన మలుపులో ఆయన ఊరికే ఒరిగి లేచారు. ఆయన మొహం ఒక్క క్షణం కనిపించింది. నవ్వడం లేదు. శ్రద్ధగా ఉంది. చిన్నపిల్లలు సూదిలో దారం ఎక్కిస్తున్నప్పుడు ఉంటుందే, అలా.

నన్ను చూడలేదు. నేను పిలవలేదు.

పక్కనున్న ముసలామె, "ఆ కాలేమిటమ్మా అలా పెట్టాడు?" అంది. "ఆయన అలాగే నడుపుతారు" అన్నాను. తర్వాతి స్టాపులో దిగి, ఎదురు బస్సెక్కి ఇంటికొచ్చేశాను. మీ ఇంటిదాకా రానందుకు దానమ్మగారు ఏమీ అనుకోవద్దు. ఆయన చూపిస్తానని అనకుండా ఇంకా చూడకూడదనిపించింది.

సాయంత్రం వచ్చారు. "సరుకు లెక్క అయిందా?" అన్నాను.

"ఇంకా ఉంది."

"కంకిపాడు మలుపులో బస్సుకి మరీ దగ్గరగా వెళ్ళారు."

చెప్పులు విప్పుతున్నవారు అలాగే ఆగిపోయారు. "ఎలా ఉంది?" అన్నారు.

"ఏమిటి?"

"నడిపింది."

శౌరయ్యగారూ, ఇంత చదువుకున్నాను, రోజుకి వందల మందితో మాట్లాడతాను, అప్పుడు దొరికింది రెండు మాటలే. "భయం వేసింది. ఇంకాసేపు చూడాలనీ అనిపించింది" అన్నాను. రెండూ నిజమే. ఆయన తలూపారు. తనకీ అంతేనన్నారు. అన్నం తినేటప్పుడు, పడిన సంగతి కూడా తనే చెప్పారు. మీరు ముందే రాశారని నేను చెప్పలేదు. మీరూ చెప్పకండి.

శివపార్వతి

*

ఉయ్యూరు
18 నవంబరు 1974

శివపార్వతమ్మగారికి,

బొమ్మ పూర్తయింది. మూడడుగుల ప్లైవుడ్ చెక్క. ఆరడానికి ఇంకో వారం కావాలి.

మీకు ముందుగా కొన్ని చెప్పాలి. మీరడిగింది షోలవరం. నేను చూసింది మా కాలవ. ఎంత ప్రయత్నించినా ఒకదాంట్లోకి ఇంకొకటి వచ్చేస్తోంది. చివరికి షోలవరం మలుపు తీసుకొచ్చి మా కాలవ మలుపు మీద పెట్టాను. నేల సిమెంటే, పగుళ్ళలో గడ్డీ ఉంది. గడ్డిమోపులున్నాయి, గొడుగుల జనమున్నారు. వెనక ఇద్దరు రేసువాళ్ళు తరుముకొస్తున్నారు. కాని మోపుల అవతల చెరువు లేదు, కాలవ ఉంది, కోతకొచ్చిన వరి ఉంది. అంచుల వైపు పోయేకొద్దీ చెట్లూ, వరీ, జనమూ అన్నీ గీతలై సాగిపోతాయి. ముందున్నది ఇప్పటి మనిషే. కాలు చాచే ఉంది. దాన్ని వంచి వేయడానికి నా చెయ్యి రాలేదు.

కోటేశ్వరరావుగారు నిన్న చూశారు. "ఇలాంటి చోట రేసు పెడితే సగం మంది కాలవలో తేలతారు" అన్నారు. దానమ్మ నవ్వింది, ఆయనా నవ్వారు. పోయేముందు ఒక్క తప్పు చూపించారు. రేసు బండికి వెనక సీటు ఉండదట, బరువని పీకేస్తారట. నేను ఫాదర్‌గారి బండి చూసి వేశాను కనుక వెనక సీటు వచ్చేసింది. చెరిపెయ్యనా అంటే, "బొమ్మ నాది కాదు, ఆవిడది. ఆవిణ్ణి అడుగు" అన్నారు.

చెరపడం పెద్ద పని కాదు. బ్లేడుతో గీకి వెనక వరి రంగు కలిపేస్తాను. ఎలా చేయమంటారో రాయండి. ఆరాక మేకులు కొట్టి, గోనెపట్టా చుట్టి బస్సులో వేయిస్తాను.

శౌరయ్య

*

గవర్నర్‌పేట
25 నవంబరు 1974

శౌరయ్యగారికి,

సీటు అలాగే ఉండనివ్వండి.

బొమ్మని బస్సులో వేయించకండి. మావారు మొగల్రాజపురంలో ఒక పాత జావా చూసి నిన్న ఇంటికి తెచ్చారు. బ్రేకు ఆయనకి కావలసినట్టు పొడుగు చేయించుకున్నారు. రంగు బాగా పోయింది, చప్పుడు మాత్రం వీధంతా వినిపిస్తోంది. వచ్చే ఆదివారం ఇద్దరం దాని మీదే మీ ఇంటికొస్తున్నాం. దానమ్మగారిని చూడాలని నాకు చాలా రోజులుగా ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు బొమ్మని నేను వెనక కూర్చుని పట్టుకుంటాను. మూడడుగుల చెక్క కదా, గాలికి తెరచాపలా లాగేస్తుందని ఆయన భయపెడుతున్నారు. అడ్డంగా పట్టుకోవాలా, నిలువుగానా? మలుపుల్లో నేను కూడా ఆయనతో పాటు వంగితే రంగుకి ఏమైనా అవుతుందా? ముందే రాయండి.

శివపార్వతి